గేటు తీస్తే చాలు పరుగు: పారిపోయే కుక్కల గురించి సైనిక్‌పురిలో మాట్లాడింది

(ఒక ఆదివారం పొద్దున కాలనీ కమ్యూనిటీ హాల్‌లో ఒక డాగ్ ట్రైనర్ మాట్లాడినదాన్ని రికార్డింగ్ విని టైప్ చేశాం. మధ్యలో కరెంట్ పోయిన ముక్క రాలేదు.)

అందరికీ నమస్కారమండి. వెనకాల వాళ్ళకి వినిపిస్తుందా? ఓకే. ముందు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి కానీ ఫ్యాన్ కింద కూర్చున్న ఆంటీలని లేపితే నాకు పాపం తగుల్తది, నేనే కొంచెం గట్టిగా మాట్లాడతా.

నాకు ఇచ్చిన టాపిక్ ఏంటంటే, కుక్క ఇంట్లోంచి పారిపోకుండా ఏం చెయ్యాలి. పిలిచిన సార్ ఫోన్లో ఇంకా సూటిగా అడిగారు, "గోడ ఎంత ఎత్తు లేపాలో చెప్పండి చాలు, మేస్త్రీని పిలుస్తా" అని. చెప్తా సార్, ఎత్తు కూడా చెప్తా. కాకపోతే ఈ పనిలో నేను చూసిందేంటంటే, ముందుగా గోడ మీద డబ్బులు పెట్టినవాళ్ళే మళ్ళీ ఫోన్ చేస్తారు. ఆరడుగులు లేపాం, ఇప్పుడు కింద తవ్వుతుంది అంటారు. కింద బండలు పరిచాం, ఇప్పుడు నేను స్కూటీ బయటికి తీస్తుంటే కాళ్ళ సందులోంచి దూరిపోతుంది అంటారు. అది పోవాలని డిసైడ్ అయింది, మీరేమో దారులు మూసుకుంటూ దాని వెనకాల తిరుగుతున్నారు.

కుక్క పోయింది అని ఫోన్ చేసేవాళ్ళు అందరూ ముందు చెప్పేది ఎట్లా పోయిందో. గోడ దూకింది, గ్రిల్లులోంచి దూరింది, పనామె గేటు వెయ్యలేదు. పనామె మీదకి తొయ్యడం మన దగ్గర చాలా ఈజీ కదా. నేను అడిగేది వేరే, సరే దొరికింది కదా, ఎక్కడ దొరికింది?

చికెన్ షాపు ముందు దొరికితే ఒక లెక్క. వెనక వీధిలో ఆడకుక్క ఉన్న ఇంటి గేటు దగ్గర దొరికితే ఇంకో లెక్క. పటాకుల రాత్రి పోయి తెల్లారి ఎవరిదో కారు కింద వణుక్కుంటూ దొరికితే అది పూర్తిగా వేరే. ఇంకొన్ని ఉంటాయి, గోడ దూకుతాయి, దూకి ఎక్కడికీ పోవు, సొంత గేటు బయటే కూర్చుంటాయి మీరు ఆఫీసు నుంచి వచ్చేదాకా. దానికి ఊరు తిరగాలని లేదండి, లోపల ఒక్కదానికి ఉండబుద్ధి కాలేదు, అంతే. వీటన్నిటికీ ఒకటే గోడ కట్టి చేతులు దులుపుకుంటే ఎట్లా?

ఇంకోటి అర్థం చేసుకోవాలి. బయటికి పోయిన ప్రతిసారీ దానికి జీతం ముడుతుంది. బయట ఎముక దొరికింది, పిల్లిని తరిమింది, నాలుగు కుక్కలతో ఆడింది, పైగా మీరు వెనకాల పరిగెత్తారు, అది కూడా దానికి ఆటే. అంత బాగా ఇచ్చే ఉద్యోగం ఎవరు మానేస్తారు చెప్పండి. (నవ్వులు) అందులోనూ ఎప్పుడో ఒకసారి దొరికే జీతానికి ఇంకా పిచ్చి ఎక్కువ, రోజూ గేటు తెరిచి ఉంటే దానికి మామూలైపోతది, వారానికో నెలకో ఒక్కసారి సందు దొరికిందనుకోండి, మిగతా రోజులన్నీ అది గేటు దగ్గరే కాపలా, ఇవాళ దొరుకుతదేమో అని. కాబట్టి గోడ, గేటు చేసే పని ఆ జీతం పూర్తిగా ఆపెయ్యడం. అదే జీతం లోపల ఇచ్చే పని మనది. ఒకటి చేసి ఇంకోటి చెయ్యకపోతే లాభం లేదు.

తిరిగొచ్చాక కొట్టేవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? చేతులెత్తక్కర్లేదు. దానికి ఏమర్థమైతదంటే, పోయినందుకు కాదు, ఇంటికొచ్చినందుకు దెబ్బలు పడ్డాయని. రెండోసారి మిమ్మల్ని చూసి ఇంకా దూరం పోతది. ఎంత కోపమున్నా సరే, వచ్చినప్పుడు నోట్లో ఒక ముక్క పెట్టాలి, మీ తిట్లన్నీ లోపలికెళ్ళి ఏ తలుపునో తిట్టుకోండి.

ఇప్పుడు మన హైదరాబాద్‌లో కుక్కలు పోయే సీజన్ ఒకటి ఉంది. బోనాల డప్పులతో మొదలైతది, వినాయకుడి నిమజ్జనం డీజేలు, దసరా, తర్వాత దీపావళి. దీనికి తోడు మన వీధికుక్కల్లో జతకట్టే కాలం కూడా ఎక్కువగా ఆగస్టు నుంచి నవంబర్ మధ్యలోనే పడతది, చిత్తకార్తె కుక్కలు అని మన పెద్దోళ్ళు ఊరికే అనలేదు. అంటే ఒకపక్క భయం, ఇంకోపక్క ఆడవాసన, రెండూ ఒకేసారి. మిగతా సంవత్సరమంతా బుద్ధిగా ఉన్న మగకుక్క అక్టోబర్‌లో గోడెక్కిందంటే నాకు ఆశ్చర్యమేం లేదు.

ఆ వాసన కేసులకి గోడ కన్నా మగకుక్కకి వృషణాలు తీసేసే ఆపరేషన్ ముఖ్యం. చాలామందికి ఇది నచ్చదు, పాపం వాడి మగతనం అంటారు అంకుల్స్. సరే, కుక్క మాట్లాడేటట్టయితే దాన్నే అడుగుదాం. 1976లో కాలిఫోర్నియా యూనివర్సిటీలో, డేవిస్‌లో, పెద్దయ్యాక ఆపరేషన్ చేసిన మగకుక్కల్ని చూస్తే 90 శాతం కుక్కల్లో తిరుగుళ్ళు తగ్గాయి అన్నారు. ఇది అందరూ చెప్పే లెక్క, కానీ అది చిన్న శాంపిల్. అదే యూనివర్సిటీ 1997లో 57 కుక్కల్ని చూసినప్పుడు ఇంకొంచెం కిందికి దిగొచ్చారు, తిరుగుళ్ళు సగమో అంతకన్నా ఎక్కువో తగ్గింది 60 శాతం పైచిలుకు కుక్కల్లో. నేను దీన్నే నమ్ముతా. మంచి రిజల్టే, కానీ మంత్రం కాదు, కుట్లు విప్పిన రోజే సాధువైపోతది అనుకోవద్దు, హార్మోన్ దిగడానికి, అలవాటు తగ్గడానికి కొన్ని వారాలు పడతది. పటాకులకి భయపడి పోయేదానికి, చికెన్ షాపుకి పోయేదానికి ఈ ఆపరేషన్ ఏం చెయ్యదు. అందుకే ఎక్కడ దొరికింది అని అడిగేది.

ఆడకుక్క ఉన్నవాళ్ళకి ఒక్క మాట. హీట్, అంటే అది జతకట్టే టైమ్, దాదాపు 3 వారాలు ఉంటది, సుమారు ఆరేడు నెలలకోసారి వస్తది. ఆ 3 వారాలు కాంపౌండ్‌ని నమ్మొద్దు, అది బయటికి పోకపోయినా బయటి హీరోలు లోపలికి వస్తారు. ఇంట్లో ఉంచండి, బయటికి తీస్తే లీష్ మీదే, అంటే మెడకి తగిలించిన తాడు మీ చేతిలో ఉండాలి.

భయం గురించి. కుక్క చెవి మనకన్నా చాలా ఎక్కువ వింటది, మనకి పైన 20 వేల హెర్ట్జ్ దగ్గర ఆగిపోతది, దానికి 40 వేలు దాటి వినిపిస్తది. లక్ష్మీబాంబు మనకి చప్పుడు, దానికి ఆకాశం విరిగి పడటమే. భయపడ్డ కుక్క మామూలప్పుడు దూకలేని గోడ దూకేస్తది, కాళ్ళు విరుగుతాయా అని చూడదు. కాబట్టి ఆ రాత్రుళ్ళు కాంపౌండ్‌లో వదలడం అనేదే వద్దు. సాయంత్రం చీకటి పడకముందే తిప్పి తీసుకొచ్చి, లోపలి గదిలో, కిటికీలు వేసి, ఫ్యానో కూలరో పెట్టి, టీవీ పెట్టి, దగ్గర ఎవరైనా కూర్చోవాలి. దగ్గరికి తీసుకుంటే భయం పెరుగుతది అని ఒక అపోహ ఉంది, అదేం లేదు, పిల్ల భయపడితే ఒళ్ళో పెట్టుకోమా. మరీ ఎక్కువ వణికేదానికి పండగ ముందు వారమే వెట్, అంటే పశువుల డాక్టర్ దగ్గరికి పోయి అడగండి, మంచి మందులున్నాయి. మెడికల్ షాపులో నిద్రమాత్ర కొని వెయ్యకండి, కొన్ని మందులు కుక్కని కదలకుండా పడేస్తాయి కానీ లోపల భయం అట్లాగే ఉంటది, అది ఇంకా ఘోరం.

ఇంక ఒంటరిగా ఉండలేని కుక్క. ఇది నేను ఎక్కువ సేపు చెప్తా ఎందుకంటే దీన్ని అందరూ పొగరు అనుకుంటారు. ఎట్లా గుర్తుపడతారంటే, మీరు పోయిన అరగంటలోపే మొదలైతది, అరుపులు, తలుపు ఫ్రేము గీకడం, గేటు గ్రిల్లు కొరకడం, చొంగ కారడం. కొరికేది సోఫాలు, చెప్పులు కాదు, ఎక్కువగా మీరు బయటికి పోయిన దారే, తలుపు, గేటు. పాత ఫోన్ ఒకటి కిటికీలో పెట్టి వీడియో తీయండి, మీకే తెలుస్తది. బోర్ కొట్టిన కుక్క కాసేపు పడుకుంటది, లేచి ఏదో చింపుతది, మళ్ళీ పడుకుంటది. ఇది పడుకోదు, చుట్టూ తిరుగుతనే ఉంటది. ఇట్లాంటిదాన్ని గట్టి కేజ్‌లో పెట్టినా, గోడ లేపినా గోళ్ళు ఊడగొట్టుకుంటది, పళ్ళు విరగ్గొట్టుకుంటది తప్ప ఆగదు. దానికి కావల్సింది మెల్లమెల్లగా అలవాటు చెయ్యడం, ముందు మీరు చెప్పులేసుకుని మళ్ళీ కూర్చోవడం, తర్వాత గేటుదాకా పోయి వెనక్కి రావడం, తర్వాత కిరాణా కొట్టుదాకా, అది గాబరా పడే టైమ్ కన్నా ముందే తిరిగొచ్చెయ్యడం. నెలలు పడతది. అన్నాళ్ళు పక్కింటి ఆంటీ దగ్గరో, డే కేర్‌లోనో పెట్టాలి. వెట్ కూడా కలవాలి దీనికి.

సరే, సార్ గోడ కోసం ఎదురుచూస్తున్నారు.

పొద్దున వచ్చేటప్పుడు రెండు మూడు వీధులు నడుచుకుంటూ వచ్చా. ఇక్కడి గోడలు చాలావరకు నాలుగున్నర, ఐదడుగులు. చిన్న కుక్కలకి, ముసలి ల్యాబ్‌లకి చాలు. జెర్మన్ షెపర్డ్, హస్కీ, మన దేశీ కుక్క, ముధోల్ లాంటి వేటజాతి, వీటికి ఆరడుగులు చూసుకోండి. కానీ ఎత్తు కన్నా ముందు చూడాల్సింది, గోడ పక్కన ఏముంది? ఒక ఇంట్లో చూశా, గోడ నిజంగానే ఆరడుగులు, దానికి ఆనించి స్కూటీ, స్కూటీ పక్కన ఏసీ అవుట్‌డోర్ యూనిట్. అంటే మెట్లు కట్టి ఇచ్చారు దానికి. పూలకుండీలు, సంప్ పక్కన పెట్టిన పాత డ్రమ్ము, బయట నుంచి డాబా మీదకి పోయే మెట్లు, అన్నీ లెక్కే. మోకాళ్ళ మీద కూర్చుని కుక్క ఎత్తు నుంచి ఒకసారి కాంపౌండ్ చుట్టూ చూడండి, నవ్వకండి, నేను ప్రతి ఇంట్లో ఇదే చేస్తా.

చాలామందికి తెలియనిదేంటంటే ఎత్తు గోడని కుక్క ఒక్క గెంతులో దూకదు. ముందు కాళ్ళు అంచుకి అందించి, వెనక కాళ్ళతో తన్నుకుంటూ ఎక్కుతది. కాబట్టి అంచు మీద పట్టు దొరక్కుండా చేస్తే సగం అయిపోయింది. గోడ పైన ఒక ఇనప రాడ్డు బిగించి దానికి లావు పీవీసీ పైపు తొడగండి, వదులుగా, తిరిగేటట్టు. కాలు పెట్టగానే పైపు తిరుగుతది, కుక్క మళ్ళీ లోపలే పడతది. లేదంటే యాంగిల్స్ పెట్టి లోపలివైపుకి వంచి అడుగున్నర జాలీ కట్టించండి, పైకి చూస్తే నెత్తి మీద కప్పులాగా కనిపిస్తది దానికి, చాలా కుక్కలు ట్రై కూడా చెయ్యవు. వెల్డింగ్ అతనికి లోపలివైపు అని రెండుసార్లు చెప్పండి, వాళ్ళకి అలవాటు దొంగల కోసం బయటికి వంచడం.

గోడ మీద గాజుపెంకులు ఉన్న ఇళ్ళు ఇంకా ఉన్నాయి, పాతవి. దయచేసి కొట్టించెయ్యండి. దొంగ సంచి వేసుకుని ఎక్కుతాడు, కుక్కకి సంచి ఎవరిస్తారు, పొట్ట చీరుకుపోయి వచ్చిన కుక్కల్ని చూశా. ముళ్ళ తీగ కూడా అంతే. కరెంట్ పెడతా అన్నాయన ఒకాయన ఉన్నాడు, ఆయనకి నమస్కారం పెట్టి వచ్చేశా, పక్కింటి పిల్లాడు బాల్ కోసం ఎక్కితే ఏం గతి.

తవ్వేవాటికి మన దగ్గర బ్రహ్మాండమైన చవక వైద్యం ఉంది, షాబాద్ బండలు. గోడ పక్కన లోపలివైపు మట్టి ఉన్నచోట వరసగా పరిచి సిమెంట్‌తో అతికించండి. కంచె జాలీ అయితే అడుగున ఒక అడుగు, అడుగున్నర జాలీని లోపలికి ఎల్ ఆకారంలో వంచి నేల మీద పరిచి మట్టి కప్పండి. కుక్క ఎప్పుడూ గోడ మొదట్లోనే తవ్వుతది, గోళ్ళకి జాలీ తగలగానే ఆగిపోతది, అడుగు వెనక్కి జరిగి తవ్వుదాం అనే తెలివి అందరికీ రాదు. ఒకటి గమనించండి, ఏప్రిల్, మేలో తవ్వేది అన్నిసార్లూ పారిపోవడానికి కాదు, 40 డిగ్రీల ఎండలో చల్లటి మట్టిలో పొట్ట ఆనించుకోవడానికి. దానికి బండలు పరిస్తే ఇంకా కాలిపోతది. నీడ, నీళ్ళు, మూలన తడి ఇసక గుంట ఒకటి ఇవ్వండి. ఆ గుంటలోనే నాలుగు డాగ్ ఫుడ్ గింజలు పాతిపెడితే అది అక్కడే తవ్వుకుంటది, మీ మందార మొక్క కూడా బతుకుతది.

గేటు. అసలు గొడవంతా ఇక్కడే, గోడ దూకే కుక్కల కన్నా గేటు సందులో పోయేవే ఎక్కువ నాకు వచ్చే కేసుల్లో. ముందు కింద గ్యాప్ చూడండి, రోడ్డు మళ్ళీమళ్ళీ వేస్తారు, ర్యాంప్ వాలుగా ఉంటది, ఒకపక్క రెండు అంగుళాలుంటే ఇంకోపక్క ఏడెనిమిది ఉంటది. తల పట్టిందంటే ఒళ్ళు పట్టేస్తది, పిల్లలకి గ్రిల్లు సందులు కూడా అంతే. కింద ఒక పట్టీ వెల్డ్ చేయించండి. గ్రిల్లు గేటయితే కింద మూడు నాలుగు అడుగులు షీటు కొట్టించండి, బయట ఏం పోతుందో కనపడకపోతే సగం ఆవేశం తగ్గిపోతది. గ్రీన్ నెట్ కట్టినా పనిచేస్తది, కొరికేదానికి కాదనుకోండి.

గేటు ఎప్పుడు తెరుస్తారో ఒకసారి లెక్క రాసుకోండి. పొద్దున చెత్త బండి పాట వినపడగానే, పాలు, పనామె, స్కూల్ ఆటో, నీళ్ళ ట్యాంకర్ వచ్చిందంటే పైపు సంప్‌లో వేసి పావుగంట గేటు బార్లా, మధ్యాహ్నం కొరియర్, రాత్రి బిర్యానీ పార్సిల్. ఇన్నిసార్లు ఇంతమంది గుర్తుపెట్టుకుని జాగ్రత్తగా వెయ్యాలంటే అయ్యే పని కాదు, మనుషుల మీద ఆధారపడే ఏర్పాటు ఎప్పుడో ఒకప్పుడు ఫెయిలైతది. అందుకే నేను ఖర్చు పెట్టమనేది ఒకే ఒక్కదాని మీద, రెండో గేటు. పోర్టికో చివర, మెయిన్ గేటుకి కొంచెం లోపల, నాలుగున్నర అడుగుల చిన్న గేటు, స్ప్రింగ్ పెట్టి దానంతట అదే మూసుకునేటట్టు. ఒకటి మూసుకున్నాకే ఇంకోటి తెరవాలి. కారు నిలబడే జాగా మొత్తం బయటికి పోతది కదా అంటారు, పోనివ్వండి, కుక్కకి కారు జాగా ఎందుకు, ఇంటి పక్కన వదిలిన సందు, వెనకాల వాష్ ఏరియా చాలు.

ఈ రెండో గేటు కుక్క కోసమే కాదు. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో ఫుడ్ డెలివరీకి పోయిన కుర్రాడు తలుపు దగ్గర కుక్క మీదకి వస్తే భయపడి మూడో అంతస్తు నుంచి దూకేసి చనిపోయాడు, ఇక్కడ చాలామందికి గుర్తుండే ఉంటది. ఆ తలుపుకీ కుక్కకీ మధ్య ఇంకో గేటు ఉంటే ఆ పిల్లాడు ఇంటికి పోయేవాడు. ఇప్పుడున్న భారతీయ న్యాయ సంహితలో 291 సెక్షన్ ఉంది, మన జంతువు వల్ల మనుషులకి ప్రమాదం రాకుండా జాగ్రత్త తీసుకోకపోతే 6 నెలల దాకా జైలు, లేదంటే 5,000 రూపాయల దాకా జరిమానా, రెండూ కూడా వెయ్యొచ్చు.

ఇదంతా ఎందుకు, గొలుసుతో కట్టేస్తే పోలా అని వెనక నుంచి ఎవరో అంటున్నారు, వినపడింది. (నవ్వులు) కాసేపు కట్టడం వేరు. రోజంతా కట్టేస్తే అది చట్టం ప్రకారం కూడా తప్పే, 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్‌లోనే ఉంది, పొట్టి గొలుసుతో అదేపనిగా కట్టెయ్యడం, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కని తిప్పకపోవడం రెండూ నేరాలే. చట్టం సంగతి పక్కన పెట్టినా, గోడ పక్కన గొలుసుతో కట్టిన కుక్క గోడ దూకితే అవతలి వైపు మెడకి ఉరి పడతది. ఇట్లా పోయిన కుక్కలున్నాయి. పైగా కట్టేసిన కుక్కకి కోపం పెరిగి అది కరిచే కుక్క అవుతది.

షాక్ కొట్టే కాలర్లు, భూమిలో వైరు పాతే కంచెలు కూడా ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. మనకి అస్సలు పనికిరావు. పిల్లి వెనకాల పరుగు మీదున్న కుక్క ఆ షాక్‌ని లెక్కచెయ్యకుండా దాటేస్తది, దాటాక ఆవేశం దిగుతది, అప్పుడు మళ్ళీ షాక్ తిని లోపలికి రావడానికి భయపడతది. వీధికుక్కలకి ఆ కాలర్ లేదు కాబట్టి అవి హాయిగా లోపలికి వస్తాయి, మీది మాత్రం బయట.

ఇంక లోపల ఇచ్చే జీతం. పెద్ద కాంపౌండ్ ఉంది కదండీ, వాకింగ్ ఎందుకు అంటారు. రెండొందల గజాల్లో మిమ్మల్ని వదిలేసి సంవత్సరం పాటు అదే గోడ చూసుకోమంటే ఎట్లా ఉంటది? కుక్కకి కాంపౌండ్ బాత్రూమ్ లాంటిది, ప్రపంచం కాదు. రోజుకి రెండుసార్లు లీష్ మీద బయటికి, అందులో ఒకటైనా దాని ఇష్టానికి వాసన చూసుకుంటూ పోనివ్వండి, ఒక్కో స్తంభం దగ్గర రెండు నిమిషాలు ఆగినా లాక్కుపోకండి. అరగంట వాసనల నడక తర్వాత కుక్క ఇంటికొచ్చి పడుకుంటది, గంటసేపు బాల్ విసిరిన కుక్క ఇంకా ఎగురుతనే ఉంటది, మీరే చూడండి. ఎండాకాలం మాత్రం పొద్దున ఏడులోపే, సాయంత్రం రోడ్డు మీద అరచెయ్యి పెట్టి కాసేపు ఉంచగలిగితేనే. కొండాపూర్‌లో 2018లో జీహెచ్ఎంసీ వాళ్ళు డాగ్ పార్క్ పెట్టారు, ఎకరం పైనే ఉంటది, బాగుంటది, కానీ సైనిక్‌పురి నుంచి ఆ ట్రాఫిక్‌లో పోయొచ్చేసరికి మనల్ని ఎవరో ఒకరు తిప్పాల్సి వస్తది.

తిండి గిన్నెలో పెట్టి ఇచ్చెయ్యడం కూడా వేస్టే. పాత తువ్వాల్లో గింజలు చల్లి చుట్టేసి ఇవ్వండి, అట్టపెట్టెలో కాగితాల మధ్య వెయ్యండి, గడ్డిలో జల్లండి, అది ముక్కుతో వెతుక్కుని పావుగంట పని చేసుకుంటది. ఎండాకాలం పెరుగన్నం గిన్నెలో గడ్డ కట్టించి ఇవ్వండి. ఉల్లిపాయ, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ వద్దు, వండిన బిర్యానీ బొక్కలు అసలు వద్దు. బీగిల్‌కి ఈ వాసన ఆటలు ప్రాణం, అది వాసన పట్టే వేటకుక్క. హస్కీ అయితే మంచులో బండ్లు లాగడానికి పుట్టిన జాతి, దాన్ని తెచ్చి హైదరాబాద్‌లో ఎందుకు పెట్టుకున్నారు అని అడగను, పెట్టుకున్నాక మాత్రం రోజూ దానికి చాకిరీ కావాలి, లేకపోతే అదే వెతుక్కుంటది.

గేటు దగ్గర ట్రైనింగ్ ఒకటి ఇంట్లో అందరూ చెయ్యొచ్చు. లీష్ వేసి, గేటు మీద చెయ్యి వెయ్యండి, అది ముందుకి దూకితే చెయ్యి తీసెయ్యండి. కూర్చుంటే ముక్క. గడియ చప్పుడైంది, ఇంకా కూర్చుంది, ముక్క. జానెడు తెరిచారు, ఇంకా కూర్చుంది, ఇంకో ముక్క. గేటు తెరవడం అంటే పరిగెత్తడం కాదు, అమ్మవైపు చూడటం అని దాని బుర్రకి ఎక్కాలి. పేరు పిలిస్తే రావడం కూడా ఇట్లాగే, మంచి చికెన్ ముక్కతో, రోజూ కొంచెం. స్నానానికి, గోళ్ళు తియ్యడానికి మాత్రం ఆ పిలుపు వాడకండి, మీరే పోయి తెచ్చుకోండి.

ఇంత చేసినా ఒకరోజు పోవచ్చు. మెడకి ఫోన్ నంబర్ ఉన్న బిళ్ళ, 24 గంటలూ. మైక్రోచిప్ వేయించండి, కానీ అది జీపీఎస్ కాదు, బియ్యపు గింజంత ఉంటది, 15 అంకెల నంబర్ అంతే, స్కానర్ పెడితేనే కనపడతది. మన దేశంలో అందరూ చూసే ఒకటే రిజిస్టర్ లేదు కాబట్టి బిళ్ళే ముందు పనికొస్తది. కార్పొరేషన్ లైసెన్స్, రేబిస్ టీకా కార్డు ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. పోయినప్పుడు వెనకాల పరిగెత్తకండి, కనపడితే కింద కూర్చోండి, లేదంటే వేరే దిక్కుకి పరిగెత్తండి, చాలా కుక్కలు మీ వెనకే వస్తాయి. కాలనీ గ్రూపులో ఫోటో పెట్టడం మంచిదే, కానీ అసలు ఊరంతా తెలిసినవాళ్ళు వేరే, తెల్లవారుజామున ఊడ్చే మున్సిపల్ అమ్మలు, పేపర్ పిల్లలు, వాచ్‌మెన్లు, చికెన్ షాపు అన్న. వాళ్ళకి చెప్పండి, ఫోటో చూపించండి. భయంతో పోయిన కుక్క పగలు ఎక్కడో దాక్కుని రాత్రి రెండు మూడింటికి బయటికి వస్తది, అప్పుడు ఇద్దరే పోండి, మంది వద్దు. మీరు వేసుకున్న బట్ట ఒకటి గేటు దగ్గర పడెయ్యండి. కార్పొరేషన్ బండి పట్టుకుపోయిందేమో అని చుడీ బజార్ లాంటి ఆనిమల్ కేర్ సెంటర్లలో స్వయంగా పోయి చూడండి. దొరికాక ఒంటి మీద కాట్లు ఉన్నాయేమో చూసి వెట్‌కి చూపించాలి, టీకా వేసి ఉన్నా సరే.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక మేడం: మేము రోడ్డు మీద నుంచి దేశీ కుక్కని తెచ్చుకున్నాం, రెండు వారాలైంది, రోజూ పోదామనే చూస్తుంది.)

దానికి ఇంకా మీ ఇల్లు ఇల్లు కాదు మేడం. రెండు వారాలు ఏం సరిపోతది. కాంపౌండ్‌లో కూడా పొడుగు తాడు లీష్ వేసే వదలండి, చివర మీ చేతిలో ఉండాలి, దేనికీ కట్టకండి. బయటికి తీసినప్పుడు మెడ కాలర్‌కి ఒకటి, ఛాతీ చుట్టూ వేసే హార్నెస్‌కి ఒకటి, రెండు లీష్‌లు, వెనక్కి నడిచి కాలర్‌లోంచి తల తీసేసుకునేవి ఉంటాయి. దాని పాత వీధివైపు కొన్నాళ్ళు పోకండి. టైమ్‌కి తిండి, టైమ్‌కి వాకింగ్, అదే మంచం కింద అదే మూల, మెల్లగా కుదురుకుంటది.

(ఒక అంకుల్: మా ఊళ్ళో కుక్కలన్నీ వదిలే ఉండేవి, సాయంత్రానికి అవే వచ్చేవి, ఏం అయ్యేది కాదు.)

నిజమే అంకుల్, ఊళ్ళో అందరికీ అది ఎవరి కుక్కో తెలుసు, లారీలు లేవు. అప్పుడు కూడా పోయినవి పోయాయి, మనం లెక్కపెట్టలేదంతే. ఇక్కడ ఈసీఐఎల్ రోడ్డు మీద వదిలి చూడండి. పైగా ప్రతి వీధికీ ఒక కుక్కల గుంపు, కొత్తదాన్ని రానివ్వవు.

(ఒకమ్మాయి: మాది అపార్ట్‌మెంట్, మూడో ఫ్లోర్. లిఫ్ట్ తెరవగానే దూసుకుపోతుంది.)

ఫ్లాట్ తలుపు లోపల చిన్నపిల్లలకి పెట్టే సేఫ్టీ గేట్ ఒకటి బిగించమ్మా, అదే నీ రెండో గేటు. లీష్ ఇంట్లోనే వెయ్యి, లిఫ్ట్ లోపల మూలన కూర్చోబెట్టు, తలుపు తెరుచుకున్నాక ఎవరూ లేరని చూసి నువ్వు చెప్పాకే లేవాలి. బాల్కనీకి పావురాల నెట్ ఉంటే దాన్ని నమ్మకు, అది పావురాల కోసమే, కుక్క బరువుకి చిరిగిపోతది. గ్రిల్లు పెట్టించండి, లేదంటే నువ్వు లేనప్పుడు బాల్కనీ తలుపు వేసెయ్యండి.

(ఒక బాబు: అంకుల్, మా బీగిల్ గడియ దానే తీస్తది. ముక్కుతో లేపుతది.)

అడ్డగడియా, కింద పడేదా? లేపేదైతే వాడికి చిటికెలో పని. స్ప్రింగ్ హుక్ ఉంటది చూడు, కీచైన్ లాగా నొక్కితే తెరుచుకునేది, హార్డ్‌వేర్ షాపులో అడుగు, గడియ కన్నంలో తగిలించెయ్యి. తాళం వద్దు, ఇంట్లో ఏదైనా అయితే మీరే బయటికి రాలేరు. హుక్ కొంచెం పైకి, గేటు బయటివైపుకి వచ్చేటట్టు పెట్టమను నాన్నని. అది కూడా తీశాడనుకో, వీడియో తీసి నాకు పంపించు.